కీళ్ళ నొప్పులకు ‘కరెంటు’ చికిత్స: ప్రయోజనమెంత? పరిమితులేమిటి?

మోకాళ్ళ నొప్పి, నడుము నొప్పి, భుజం పట్టివేయడం – ఈ మూడూ నేడు ఇంటింటా వినవచ్చే బాధలు. కృష్ణా డెల్టాలో ఊడ్పుల కాలమందు రోజంతా వంగి నాట్లు వేసే స్త్రీలకు, విజయవాడ బెంజ్ సర్కిల్ వంటి రద్దీ కూడలిలో ప్రతిదినం వాహనం నడిపేవారికి, కదలక కూర్చుండి పనిచేసే ఉద్యోగులకు ఇవి తప్పడం లేదు. చెన్నై–కలకత్తా రహదారి, హైదరాబాదు–మచిలీపట్నం రహదారి కలిసే ఈ కూడలికి డెల్టా పల్లెల నుండి సైతం రోగులు వైద్యం కొరకు వస్తుంటారు.

“పది రోజులు కరెంటు పెట్టించుకున్నాను. అక్కడ ఉన్నంతసేపు హాయిగా ఉన్నది, ఇంటికి రాగానే మళ్ళీ మామూలే” అనే మాట వీరిలో చాలామంది నోట వినిపిస్తుంది. అయితే ఈ చికిత్స వ్యర్థమా? లేక దానిని మనం అర్థం చేసుకున్న తీరులోనే లోపమున్నదా? ఖర్చుకు, కాలానికి ఓర్చి తిరిగే రోగులు ఈ విషయాన్ని తెలుసుకొనుట అవసరం.

ధ్వని తరంగాల చికిత్స

అల్ట్రాసౌండ్ అనగానే గర్భిణులకు చేసే స్కానింగ్ గుర్తుకు వస్తుంది. ఇది దానికి భిన్నమైనది. మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. చికిత్సకు వాడే యంత్రం సెకనుకు 10 లక్షలు లేదా 30 లక్షల కంపనాలను పుట్టిస్తుంది. విద్యుత్తు తగిలినప్పుడు కొన్ని స్ఫటికాలు కంపించే గుణమే దీనికి ఆధారం. స్ఫటికాలను ఒత్తితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. ఇది దానికి విలోమ క్రియ.

10 లక్షల కంపనాల తరంగాలు కొన్ని సెంటీమీటర్ల లోతుకు చేరుతాయి. 30 లక్షల కంపనాలవి పైపొరలలోనే ఇంకిపోతాయి. గాలి పొర అడ్డమున్నచో తరంగాలు లోనికి పోవు గనుక చర్మంపై జెల్ పూస్తారు. యంత్రపు తలను ఒకేచోట ఆపినచో లోపలి కణజాలం కాలిపోయే ప్రమాదమున్నది. అందుచేత 5 నుండి 10 నిమిషాలపాటు దానిని నిదానంగా కదుపుతూనే ఉండవలెను.

విద్యుత్ ప్రేరణ

దీనిలో పలు పద్ధతులున్నాయి. మొదటిది చర్మంపై పట్టీలు అంటించి నరాలను ప్రేరేపించే ‘టెన్స్’. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన ‘ద్వార సిద్ధాంతం’ దీనికి మూలం. దెబ్బ తగిలినచోట మనం అప్రయత్నంగా చేతితో రుద్దుకుంటాము. ఆ స్పర్శ సంకేతం వెన్నుపాము వద్ద నొప్పి సంకేతానికి అడ్డుపడుతుంది. టెన్స్ చేసేదీ ఇంచుమించు అదే. రెండు వేర్వేరు ప్రవాహాలను శరీరంలో కలియజేసే పద్ధతి ‘ఇంటర్‌ఫెరెన్షియల్’ చికిత్స; దీనిని ఐ.ఎఫ్.టి. అంటారు. ఇక కండరాన్ని ముడుచుకొనేట్లు చేసే ప్రేరణ మరొకటి. నరం బాగున్న కండరానికి ఫారడిక్ ప్రవాహాన్ని, నరం దెబ్బతిన్న కండరానికి గాల్వానిక్ ప్రవాహాన్ని వాడడం పరిపాటి.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

దీర్ఘకాలిక నడుము నొప్పికి అల్ట్రాసౌండ్, టెన్స్ చికిత్సలను సిఫారసు చేయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన మార్గదర్శకాలలో పేర్కొన్నది. క్రమబద్ధమైన వ్యాయామం, రోగికి తగిన అవగాహన కల్పించడం మేలని తెలిపింది. బ్రిటన్‌లోని ‘నైస్’ సంస్థ కూడా 2016లో నడుము నొప్పి విషయంలో, 2022లో కీళ్ళ అరుగుదల విషయంలో ఇటువంటి అభిప్రాయమే ప్రకటించింది.

అంతమాత్రాన విద్యుత్ చికిత్స సర్వథా నిష్ప్రయోజనమని కాదు. టెన్స్ పెట్టి ఉన్న సమయంలోను, ఆ వెంటనే కొంతసేపు నొప్పి తగ్గగలదు. మోకాలి శస్త్రచికిత్స పిమ్మట నీరసించిన తొడ కండరానికి బలం చేకూర్చుటలో కండర ప్రేరణ వ్యాయామానికి తోడ్పడుతుంది. తోడ్పాటు అన్నదే ఇక్కడ ముఖ్యమైన మాట.

ఆయుర్వేద దృష్టి

ఈ సంగతి ఆయుర్వేదం తెలిసినవారికి కొత్త కాదు. సంధిగత వాతం, గృధ్రసి, అవబాహుకం వంటి వాతవ్యాధులలో స్నేహనం, స్వేదనం అతిముఖ్యమైన ఉపచారాలు. చరక సంహిత సూత్రస్థానంలోని 14వ అధ్యాయం స్వేదాన్ని గూర్చినదే. అందులో అగ్ని సంబంధమైన స్వేదాలు 13 విధాలుగా వివరింపబడినవి. ఎండిన కర్ర సైతం నూనెతో, వేడితో వంచుటకు అనువవుతుందని అక్కడ దృష్టాంతం కలదు. పంచకర్మకు ముందు స్నేహస్వేదాలు పూర్వకర్మలు. వాటితోనే చికిత్స ముగియదు. యంత్రచికిత్సను కూడా అట్లే భావించవలెను. నొప్పి తగ్గిన ఆ కొద్ది సమయమే కీలును కదిలించుటకు, కండరాన్ని బలపరచుటకు అదను. ఆ అదను జారవిడిచి ఇంటికి వచ్చి పడుకొన్నచో నొప్పి మరల వచ్చుటలో ఆశ్చర్యమేమున్నది?

ఎవరికి పనికిరాదు?

• గర్భిణులకు పొట్ట, నడుము భాగాలలో ఈ చికిత్సలు చేయరాదు.
• గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు వైద్యుని అనుమతి లేనిదే విద్యుత్ చికిత్స చేయించుకోరాదు.
• క్యాన్సర్ గడ్డలు, ఎముక క్షయ, సిరలలో రక్తం గడ్డకట్టిన చోట అల్ట్రాసౌండ్ కూడదు. కండ్లపై ఎన్నడూ వాడరాదు.
• మెడ ముందుభాగంలో టెన్స్ పట్టీలు అంటించరాదు.
• మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారికి వేడి తెలియదు. కాలిన సంగతి పుండు పడిన తరువాతే తెలుస్తుంది. మధుమేహులను స్వేదనానికి అనర్హులుగా చరకుడు కూడా పేర్కొన్నాడు.

ఇంటివద్ద ఆచరించవలసినవి

గోరువెచ్చని నువ్వుల నూనె మోకాలికి మృదువుగా మర్దన చేసి, వావిలాకును దోరగా వేయించి, పల్చటి గుడ్డలో మూటగట్టి 10–15 నిమిషాలు కాపడం పెట్టవలెను. వావిలాకు దొరకనిచో ఉప్పు మూట వాడవచ్చును. వేడిని ముందుగా మరొకరు ముంజేతిపై పరీక్షించవలెను. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులు, కీలు ఎర్రబడి వాచినప్పుడు కాపడం తగదు.

పిదప కాలు చాచి కూర్చుండి, మోకాలి క్రింద చుట్టిన తువ్వాలు ఉంచి, దానిని 5 సెకన్లు అదిమి వదలవలెను. ఇట్లు 10 మార్లు, ఉదయం సాయంత్రం చేయవలెను. భుజం పట్టివేసినవారు గోడపై వ్రేళ్ళతో ప్రాకుతూ చేతిని సహించగలిగినంత ఎత్తుకు చేర్చవలెను. నడుము నొప్పి గలవారు రోజుల తరబడి మంచం పట్టక, శక్తికొలది నడవవలెను.

మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు హఠాత్తుగా బలహీనపడడం, జ్వరంతో కూడిన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం – వీటిలో ఏది కనిపించినా కాపడాలతో, కరెంటుతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని సంప్రదించవలెను.

చికిత్సకు వెళ్ళినప్పుడు ఫిజియోథెరపిస్టును రెండు ప్రశ్నలు అడగండి: “ఇది ఎన్ని రోజులు? దీనితో పాటు నేను చేయవలసిన వ్యాయామమేది?” రెండవ ప్రశ్నకు సమాధానం లభించని చోట యంత్రమెంత ఖరీదైనదైనను మీకు కలిగే మేలు స్వల్పమే.