పోటు వచ్చేదాకా ఆగాలా?

గుండె జబ్బు గురించి మాట్లాడేటప్పుడు మనం వాడే రెండు తెలుగు మాటల్లోనూ 'పోటు' ఉంది: గుండెపోటు, రక్తపోటు. పోటు అంటే పొడవడం. తలపోటు, పంటిపోటు అన్నప్పుడు అది నొప్పి. ఆటుపోట్లు అన్నప్పుడు మాత్రం సముద్రం పొంగడం. రక్తపోటుకి ఈ పొంగు అర్థమే దగ్గర. మా ఇంట్లో తెలుగు, కన్నడ రెండూ నడుస్తాయి. కన్నడలో దీన్ని 'రక్తదొత్తడ' అంటారు, అంటే రక్తపు ఒత్తిడి. అందులో నొప్పి ఊసే లేదు. మాట వల్ల జబ్బు రాదు గానీ, మా వైపు జనం గుండె గురించి ఆలోచించే తీరంతా ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది: నొప్పి లేకపోతే జబ్బు లేదు.

మాది రాయచూరు జిల్లా సిరవార. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక, ఎడమ కాలువ కింద సేద్యం కోసం కోస్తా జిల్లాల తెలుగు రైతులు మా జిల్లాకి వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. అక్కడి పెద్దవాళ్ళ నోట తరచు వినే మాట: "గుండె జబ్బు కూర్చుని తినేవాళ్ళకి వస్తుంది. మట్టి పిసుక్కునే మనకెందుకొస్తుంది?" కానీ 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాది పాటు జరిగిన మరణాలకి కారణాలు పరిశీలిస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. అవీ వరి పండించే పల్లెలే. పైగా ఇప్పుడు పొలం దున్నేది ట్రాక్టరు, కోసేది మిషను. పచ్చళ్ళలో ఉప్పు మాత్రం తగ్గలేదు. రోజు మొత్తానికి ఉప్పు ఒక చెంచాకి, అంటే 5 గ్రాములకి, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

అసలు లోపల జరిగేదేంటి? బీపీ 140/90 దాటి అలాగే ఉండిపోతే, ఆ ఒత్తిడి రక్తనాళాల గోడల్ని ఏళ్ళ తరబడి దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న చోట కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ పొర చిట్లి, రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. అంతవరకూ చాలామందికి ఏ బాధా తెలియదు.

ఇంకో భయం: "మాత్ర మొదలుపెడితే జీవితాంతం మింగాలి." అందుకని నెల రోజులు వేసుకుని, బీపీ దిగిందని మానేస్తారు. కాలువ గేటు దించి ఉంచినంతసేపే నీటిమట్టం అదుపులో ఉంటుంది. గేటు ఎత్తేస్తే మళ్ళీ పొంగుతుంది. అందుకు గేటుని తిట్టుకుంటే ఏం లాభం? మాత్ర కూడా అంతే. తగ్గించాలన్నా మార్చాలన్నా డాక్టర్ని అడిగే చెయ్యాలి.

2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే గుండె ఆగి చనిపోయారు. ఆ తర్వాత బెంగళూరులో జయదేవ ఆసుపత్రికి పరీక్షల కోసం జనం బారులు తీరారు. అదే సమయంలో "అంత వ్యాయామం చేసే మనిషికే వచ్చింది, ఇక మనం జాగ్రత్త పడి ఏం లాభం, అంతా తలరాత" అన్నవాళ్ళూ ఉన్నారు. 52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం మాత్రం, మొదటిసారి వచ్చే గుండెపోట్లలో 90 శాతం దాకా మన చేతిలో ఉన్న తొమ్మిది కారణాలతో ముడిపడి ఉన్నాయని చెప్పింది. పొగాకు, బీపీ, షుగర్, కొవ్వు, పొట్ట, తిండి, వ్యాయామం అందులోవే. ఒక్కరి చావు చూసి ఈ లెక్కని కొట్టిపారేయలేం. పునీత్ పేరు మీదే కర్ణాటక ప్రభుత్వం 'హృదయ జ్యోతి' పథకం పెట్టింది. తాలూకా ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే పెద్దాసుపత్రి నిపుణులు చూస్తారు. అవసరమైతే గడ్డ కరిగించే ఖరీదైన ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తారు. అయితే గంటల్లోపు చేరుకున్నవాళ్ళకే దాని ఫలితం.

ఆ గంటలు ఎక్కువగా పోగొట్టుకునేది ఆడవాళ్ళు. గుండెపోటంటే కత్తితో పొడిచినట్టే ఉండాలని లేదు. ఛాతీ బరువెక్కడం, బిగపట్టినట్టుండటం, మంట కావచ్చు. ఆడవాళ్ళలో ఆయాసం, దవడలోనో వీపులోనో నొప్పి, వాంతి వచ్చినట్టుండటం, చల్లని చెమటలు, ఎన్నడూ లేనంత నీరసం కూడా తరచు కనిపిస్తాయి. "గ్యాస్ అయ్యుంటుంది, సోడా తాగి పడుకో" అంటారు ఇంట్లో. ఆ తల్లి కూడా వంటయ్యాక, పిల్లలు తిన్నాక చూద్దాంలే అనుకుంటుంది.

మన ఇళ్ళలో నాన్న బీపీ ఎంతో అమ్మకి తెలుసు. అమ్మ బీపీ ఎంతో ఎవరికి తెలుసు? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 30 దాటినవాళ్ళకి బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఈసారి సెలవులకి ఊరెళ్ళినప్పుడు అమ్మనీ, అమ్మమ్మనీ తీసుకెళ్దాం. "నాకేం నొప్పి లేదే" అంటారు తప్పకుండా. నొప్పి లేనప్పుడే చూపించుకోవాల్సిన జబ్బు ఇదని వాళ్ళకి చెప్పాల్సింది మనమే.