సున్నం చల్లే ముందర మట్టిని అడగండి



మన రేష్మె ఇళ్లలో సున్నం లేని ఇల్లు ఉండదు. పురుగు జ్వరానికి కూర్చుంటే సున్నం చల్లుతాం. గూళ్లు దించి షెడ్డు కడిగితే బ్లీచింగు పౌడరు నీళ్లలో సున్నం కలుపుతాం. అంత నమ్మకమైన వస్తువు కాబట్టే, తోటలో ఆకు పాలిపోతే మన చెయ్యి నేరుగా సున్నం మూట మీదికే పోతుంది. మా చెయ్యి కూడా అట్లే పోయింది. దాంతో రెండు పంటల ఆకు పోగొట్టుకున్నాం. వానలు పట్టే ముందర చాలామంది తోటలు కొట్టి సున్నం వేస్తారు కాబట్టి, ఇప్పుడే రాస్తే మేలని రాస్తున్నాం.

మేము చేసిన తప్పు

మాకు మల్బరీ తోట రెండు చోట్ల ఉంది. గుట్ట పక్కన అర ఎకరా, ఎర్ర ఇసుక నేల. చెరువు కింద ముక్కాలు ఎకరా, కొంచెం జిగట మట్టి, బోరు నీళ్లతో తడిసేది. రెండూ వీ-1 రకమే. ఒక ఏడు చెరువు కింద తోటలో చిగురాకు పసుపు తిరిగింది. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, ఈనెల మధ్య ఆకు మాత్రం పసుపు. యూరియా వేసినా తేరుకోలేదు.

"ఏండ్ల తరబడి ఎరువులు పోసినారు కదా, నేల పులిసిపోయింటాది, సున్నం కొట్టండి" అని తెలిసినవాళ్లు చెప్పినారు. మాట సరిగ్గానే ఉన్నట్టు తోచింది. మట్టి పరీక్ష లేకుండానే పది మూటలు తెచ్చి చల్లితిమి.

తరువాతి కోతకు ఆకు ఇంకా పాలిపోయింది. కొమ్మ ఎదగలేదు. నూటయాభై గుడ్లు మేపే తోట తొంభై గుడ్లకు కూడా చాలలేదు. నాలుగో జ్వరం లేచినాక, పురుగు బాగా తినే రోజుల్లో, ఆకు కొని మేపాల్సి వచ్చింది. ఆ ఆకు కూలికి, బండి బాడుగకు గూళ్ల డబ్బు సగం పోయింది.

అప్పుడు రెండు తోటల మట్టీ పరీక్షకు ఇచ్చినాం. చీటీ చూస్తే చెరువు కింద నేల పీహెచ్ 8.1, గుట్ట పక్క నేల 5.6. అంటే పచ్చగా కనబడుతున్న తోటకు సున్నం కావాల. పసుపు తిరిగిన తోటకు అసలు వద్దు. మేము తలకిందులుగా చేసినాం.

ఆ అంకె ఏం చెప్తుంది

పీహెచ్ 7 అంటే నేల సమంగా ఉన్నట్టు. అంతకు తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా. 5.5 ఉన్న నేల 6.5 ఉన్న నేల కంటే పది రెట్లు పులుపు. మల్బరీకి 6.2 నుంచి 6.8 వరకు బాగా నచ్చుతుంది. సున్నం చేసే పని ఒకటే, ఈ అంకెను పైకి లేపడం.

నేల ఎందుకు పులుస్తుంది? ఇసుక నేలలో వాన నీటితోపాటు కాల్షియం కిందికి దిగిపోతుంది. యూరియా, అమ్మోనియం సల్ఫేటు ఏండ్ల తరబడి వేస్తే పులుపు పెరుగుతుంది, అందులో అమ్మోనియం సల్ఫేటుది ఎక్కువ. వీ-1 తోటకు ఎకరాకు ఏడాదికి 140 కిలోల నత్రజని సిఫారసు ఉంది, అది చిన్న మోతాదు కాదు. పైగా ఏడాదికి ఐదు కోతలు కోసి ఆకుతోపాటు కాల్షియాన్ని కూడా బయటికి మోస్తున్నాం. పులిసిన నేలలో భాస్వరం మట్టికే అతుక్కుని ఉండిపోతుంది, వేరు కొసలు ఎదగవు. వేసిన ఎరువు సగం దండగే.

మరి బోరు తోటల్లో ఎందుకు పులవదు? నీళ్లు కాచే పాత్రలో తెల్లగా పేరుకునేది చూసినారు కదా. అందులో ఎక్కువ భాగం సున్నమే. ఆ బోరు నీళ్లు పారిన ప్రతిసారీ అది మడిలోకి పోతూనే ఉంటుంది. ఇట్లాంటి నేలలో ఇనుము, జింకు, మాంగనీసు ఉన్నా వేరుకు అందవు. ఈనెలు పచ్చగా ఉండి చిగురాకు పసుపు తిరగడం ఎక్కువగా ఇనుము అందని గుర్తు. మేము దానిమీద ఇంకా సున్నం పోసినాం. ఆకలైనవాడి ముందర ఉన్న గిన్నెకు మూత పెట్టినట్టయింది.

మట్టి తీసే పద్ధతి

తోటను చూస్తే పీహెచ్ తెలియదు. మట్టి తీయాల్సిందే. ఎరువు వేయకముందు, ఒక తోటలో ఎనిమిది పది చోట్ల, వంకరటింకరగా నడుస్తూ తీయండి. గట్టు పక్కన, దిబ్బ దగ్గర, చెట్టు నీడలో వద్దు. పైన చెత్త తోసి, ఒక అడుగు లోతు వరకు పార కోణంలో గుంత తీసి, పక్క గోడనుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంలో చెక్కండి. అంతా శుభ్రమైన బకెట్టులో కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అర కిలో మిగిల్చండి. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో వేయండి. ఎరువుల సంచి వద్దు. రెండు తోటలుంటే రెండు సంచులు, మాకులాగా నేలలు వేరుగా ఉంటే కలపనే కూడదు.

కృషి విజ్ఞాన కేంద్రంలోగానీ, వ్యవసాయ శాఖ మట్టి పరీక్ష కేంద్రంలోగానీ ఇవ్వొచ్చు. ఎక్కడ ఇవ్వాలో మీ పట్టు శాఖ వాళ్లను అడిగితే చెప్తారు. ఇచ్చేటప్పుడు "సున్నం ఎంత వేయాలో కూడా రాయండి" అని అడగండి. ఒకే పీహెచ్ ఉన్నా ఇసుక నేలకు తక్కువ, జిగట నేలకు ఎక్కువ పడుతుంది.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష ఉంది. పొడి మట్టిమీద వినిగర్ నాలుగు చుక్కలు వేయండి. బుసబుస పొంగితే నేలలో సున్నం ఇప్పటికే ఉన్నట్టు, మూట విప్పొద్దు. పొంగకపోతే మాత్రం పులుపని తేలినట్టు కాదు, పరీక్షకు పంపాల్సిందే.

ఏ సున్నం, ఎంత, ఎప్పుడు

తోటకు కాల్చని సున్నపురాయి పిండి మేలు. మెల్లగా పనిచేస్తుంది, చెయ్యి కాలదు. చీటీలో మెగ్నీషియం కూడా తక్కువని ఉంటే డోలమైటు పిండి. షెడ్డులో వాడే విరిసిన సున్నం ఘాటు ఎక్కువ. 100 కిలోల సున్నపురాయి పిండి చేసే పని 74 కిలోల విరిసిన సున్నం చేస్తుంది, కాల్చిన గడ్డ సున్నమైతే 56 కిలోలే. చీటీలో ఏ సున్నం రాసినారో చూసి లెక్క వేయండి.

మా గుట్ట పక్క అర ఎకరాకు 300 కిలోల సున్నపురాయి పిండి రాసిచ్చినారు. అంటే గుంటకు 15 కిలోలు, సెంటు లెక్కలో 6 కిలోలు. ఇది మా నేల లెక్క, మీ నేలకు మీ చీటీయే లెక్క.

అడుగు కత్తిరింపు అయినాక, మొదటి వానలకు ముందర వేయడం మంచిది. అప్పుడు చెట్టుమీద ఆకు ఉండదు కాబట్టి సున్నం ధూళి పడుతుందనే భయం లేదు. గాలి లేని పొద్దున, ముక్కుకు గుడ్డ కట్టుకుని, సాళ్ల మధ్య సమంగా చల్లి, వెంటనే దున్ని మట్టిలో కలపండి. పైనే వదిలేస్తే పనిచేయదు. తడి లేనిదే సున్నం కరగదు, వాన రాకపోతే ఒక తడి ఇవ్వండి.

సున్నంతోపాటు యూరియా, దిబ్బ ఎరువు, సూపర్ ఫాస్ఫేటు వేయొద్దు. నత్రజని ఆవిరైపోతుంది, భాస్వరం బిగుసుకుపోతుంది. మూడు నాలుగు వారాలు ఆగండి. ఏటా సున్నం వేసే అలవాటు వద్దు. ఏడాది తరువాత మళ్లీ పరీక్ష చేయించి చూడండి.

గడ్డ సున్నం విరగబెట్టేటప్పుడు ప్లాస్టిక్ బకెట్టు వద్దు, నీళ్లు ఒకేసారి పోయొద్దు, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. కంట్లో పడితే చాలాసేపు మంచినీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాల.

పీహెచ్ ఎక్కువ ఉన్న తోటకు

మేము చెరువు కింద తోటకు బాగా మాగిన ఎరువు పెంచినాం, సాళ్లలో జనుము వేసి పూత ముందర దున్నేసినాం, కొంత యూరియా బదులు అమ్మోనియం సల్ఫేటు వాడినాం. అధికారి చెప్పిన మోతాదులో ఇనుము, జింకు ఆకుమీద పిచికారీ చేసి, చెప్పినన్ని రోజులు ఆగి ఆకు కోసినాం. పీహెచ్ 8.5 దాటి, నేల చవుడు కట్టి ఉంటే జిప్సం సంగతి అడగండి. జిప్సం, సున్నం ఒకటి కాదు.

షెడ్డులో సున్నం మానొద్దు

షెడ్డులో సున్నం పని వేరు. పురుగు జ్వరానికి కూర్చున్నప్పుడు పలుచగా చల్లితే పడక ఆరి ఉంటుంది. షెడ్డు కడగడానికి 100 లీటర్ల నీళ్లకు 2 కిలోల బ్లీచింగు పౌడరు, 300 గ్రాముల విరిసిన సున్నం. పడక చెత్తలోనూ కొంత సున్నం ఉంటుంది. ఆ చెత్తను పచ్చిగా తోటకు తోలొద్దు, రోగం మళ్లీ షెడ్డుకే వస్తుంది. గుంతలో మాగబెట్టి తోలండి.

మా గుట్ట పక్క తోట ఇప్పుడు మంచి ఆకు ఇస్తావుంది. చెరువు కింద తోట తేరుకోవడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది. చల్లడానికి ఒక్క పూట చాలింది, చల్లినదాన్ని ఏరుకునే దారి లేదు. అందుకే ఈసారి కొడవలి పట్టే ముందర, ఒక అర కిలో మట్టి సంచిలో కట్టండి.