బోల్టు పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు

బండి గట్టి గుంతలో పడింది. లోయర్ ఆర్మ్ మార్చారు, అలైన్‌మెంట్ చేయించారు. అయినా బండి ఎడమకే లాగుతోంది, టైరు ఒక అంచు గబగబా అరిగిపోతోంది. అప్పుడు మెకానిక్ కిందికి దూరి చూసి, "సబ్‌ఫ్రేమ్ వంగింది సార్, ఆటోనగర్‌లో పాతది చూద్దామా?" అంటాడు. చూడొచ్చు. కాకపోతే ఏం చూడాలో ముందు తెలియాలి.

ఇప్పటి చిన్న కార్లకు లారీల్లా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ఇంజిన్ కింద బాడీకి బోల్టులతో బిగించిన ఉక్కు చట్రమే సబ్‌ఫ్రేమ్. కొందరు క్రాస్ మెంబర్ అంటారు. చాలా చిన్న కార్లలో లోయర్ ఆర్మ్‌లు, స్టీరింగ్ ర్యాక్, ఇంజిన్ వెనక మౌంటు దీనికే బిగించి ఉంటాయి. ముందు చక్రాలు ఉండాల్సిన చోట ఉండటం దీని మీదే ఆధారపడుతుంది. అలైన్‌మెంట్ షాపులో ఈ కార్ల ముందు చక్రాలకు సాధారణంగా టో ఒక్కటే, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం ఒక్కటే సరిచేయగలరు. చక్రం వాలు అయిన క్యాంబర్, స్టీరింగ్ తిరిగే అక్షం వాలు అయిన క్యాస్టర్ చాలావరకు చట్రం కొలతల్ని బట్టి వస్తాయి. చట్రం వంగితే మెషీన్ చేయగలిగింది తక్కువ.

కాబట్టి పాతది కొనేటప్పుడు ప్రశ్నలు రెండు: ఇది మన బండిదేనా? ఇది వంకర లేకుండా ఉందా?

మొదటి ప్రశ్నకు "స్విఫ్ట్‌దే సార్" అనే జవాబు చాలదు. మన దేశంలో స్విఫ్ట్ 2005లో వచ్చింది. 2011లో, 2018లో, 2024లో తరం మారింది. పేరు ఒకటే, కింద చట్రం వేరు. ఒకే తరంలోనూ పెట్రోలు, డీజిలు ఇంజిన్లకు మౌంటు మారవచ్చు. మరోవైపు, డిజైర్ లాంటి తోబుట్టువు బండి చట్రం సరిపోయే అవకాశమూ ఉంది. ఊహ వద్దు. మీ ఛాసిస్ నంబరు చెబితే కంపెనీ విడిభాగాల కౌంటర్‌లో అసలు పార్ట్ నంబరు తెలుస్తుంది. కొత్తదాని ధర కూడా అక్కడే అడగండి, బేరానికి అదే ఆధారం. అమ్మేవాడి దగ్గరున్నది ఏ సంవత్సరం, ఏ ఇంజిన్ బండిలోంచి తీసిందో అడిగి, ఆ బండికీ అదే నంబరు వస్తుందో లేదో సరిచూడండి.

రెండో ప్రశ్నకు టేపు, టార్చి, చిన్న సుత్తి చాలు. బాడీకి బిగించే రంధ్రాలను మూలకు మూల కొలవండి. ఎడమ ముందు నుంచి కుడి వెనకకు, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు. వడ్రంగి తలుపు చట్రానికి మూలలు చూసినట్టే. రెండు కొలతలు తేడా పడితే వదిలేయండి. మీ పాత చట్రాన్ని పక్కన పెట్టి పోల్చకండి, వంగింది అదే కదా! రంధ్రాలు గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో సాగాయంటే బోల్టు వదులుగా ఉండగానే బండి తిరిగిందన్నమాట. లోయర్ ఆర్మ్ బోల్టు చేత్తోనే సాఫీగా ఎక్కాలి. లోపల వెల్డు చేసిన నట్టు మర పోతే బాగుచేయడం తలనొప్పి. అతుకుల దగ్గర వరస తప్పిన ఉబ్బెత్తు వెల్డింగ్ కనిపించినా, గ్యాస్‌తో కోసిన అంచు కనిపించినా వద్దనండి. తళతళలాడే కొత్త నల్ల పెయింటును అనుమానించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీరపు బండిదైతే లోపలి తుప్పు ముఖ్యం. సుత్తితో తడితే మొద్దు చప్పుడు వచ్చి పెచ్చులు రాలితే లోపల తినేసినట్టే.

బిల్లు మాత్రం మరవకండి. ఛాసిస్ నంబరు బాడీ మీద ఉంటుంది, సబ్‌ఫ్రేమ్ మీద సాధారణంగా ఉండదు. దొంగ బండిదో కాదో వస్తువును చూసి చెప్పలేం. ఏ బండిలోంచి తీశారో బిల్లులో రాయించుకోండి.

బిగించేటప్పుడు ఇంజిన్‌ను పైనుంచి ఆపాలి. స్టీరింగ్‌ను తిన్నగా పెట్టి కదలకుండా కట్టాలి. లేకుంటే ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో స్టీరింగ్ కిందున్న క్లాక్ స్ప్రింగ్ తెగిపోవచ్చు. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చీలుతుంది. చివర్లో అలైన్‌మెంట్ తప్పనిసరి, క్యాస్టర్ అంకెలున్న ప్రింటు తీసుకోండి.

చట్రం మంచిదైనా చెడ్డదైనా దించి ఎక్కించే కూలి ఒకటే. తప్పు చట్రం కొంటే ఆ కూలి రెండుసార్లు. పాతదాని ధరకు ఇంకో కూలి కలిపి చూడండి. ఆ మొత్తం కొత్తదాని దరిదాపుల్లోకి వస్తే, కొత్తదే చవక.