సర్కారు బడి పిల్లలూ, నది ఒడ్డు క్లబ్బులూ: ఇంగ్లండ్‌లో రోయింగ్ పరిచయం

విద్యార్థులారా! గోదావరి లంకల్లో నాటుపడవ నడిపేవారిని మీలో కొందరు చూసే ఉంటారు. వెళ్ళవలసిన వైపుకే చూస్తూ తెడ్డు వేస్తారు. లోతు తక్కువైన చోట గెడ వేస్తారు. ఈ పాఠంలో మనం చెప్పుకోబోయే రోయింగ్ క్రీడ తీరు దీనికి తలకిందులు. ఇందులో క్రీడాకారుడు వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. పాదాలు పడవలో బిగించిన బూట్లలో ఉంటాయి. కూర్చునే పీట చిన్న చక్రాలమీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మోకాళ్ళు ముడిచి, తెడ్డును నీటిలో ముంచి, కాళ్ళతో బలంగా తన్నితే పడవ సాగుతుంది. చూడటానికి చేతుల ఆటలా ఉంటుంది గాని, బలంలో పెద్ద వాటా తొడలదే.

ఒక్కొక్కరు రెండు చేతులతో రెండు తెడ్లు పట్టుకుంటే అది స్కల్లింగ్. ఒక్కొక్కరు రెండు చేతులతోనూ ఒకే పెద్ద తెడ్డు పట్టుకుంటే అది స్వీప్. 2024 వరకు ఒలింపిక్స్‌లో పందెం దూరం 2,000 మీటర్లు. ఒక్కరు కూర్చునే పందెపు పడవ పొడవు సుమారు 8 మీటర్లు, వెడల్పు ఒక అడుగు మాత్రమే. నియమాల ప్రకారం దాని కనీస బరువు 14 కిలోలు. ఎనిమిది మంది పడవ 17 మీటర్ల పైచిలుకు ఉంటుంది. అందులో తొమ్మిదో మనిషి కాక్స్. తెడ్డు వేయడు, చుక్కాని పట్టి, అందరికీ ఎదురుగా కూర్చుని దారి చెబుతాడు. క్లాసులో అందరికంటే పొట్టిగా ఉన్న పిల్లవాడికి కూడా ఈ ఆటలో చోటుందని గుర్తుంచుకోండి.

ఇంత నాజూకైన పడవకు ధర కూడా ఎక్కువే. ఎనిమిది మంది కొత్త పడవ కొనాలంటే ఇంగ్లండ్‌లో పదుల వేల పౌండ్లు కావాలి. పడవతో పని అయిపోదు. దాన్ని పెట్టడానికి పొడవాటి షెడ్డు, ఆ షెడ్డుకు ఆనుకుని నీరు, నీటిమీద పిల్లల వెంట వెళ్ళడానికి మోటారు బోటు, బోధకుడు కావాలి. ఒక మామూలు బడి ఇవన్నీ సమకూర్చుకోలేదు. అందుకే ఈ క్రీడ చాలాకాలం కలిగినవారి బడుల్లోనే ఉండిపోయింది.

ఇక్కడ మాటల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లండ్‌లో ‘పబ్లిక్ స్కూల్’ అంటే ప్రభుత్వ పాఠశాల కాదు. అది ఈటన్ వంటి, భారీ ఫీజులు వసూలు చేసే పాత ప్రైవేటు పాఠశాల. ప్రభుత్వ డబ్బుతో, ఫీజు లేకుండా నడిచే బడిని అక్కడ ‘స్టేట్ స్కూల్’ అంటారు. మన భాషలో చెప్పాలంటే సర్కారు బడి. అక్కడి పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా చదివేది ఈ బడుల్లోనే. అయినా 2016 రియో ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున పతకాలు గెలిచినవారిలో దాదాపు మూడోవంతు మంది ప్రైవేటు పాఠశాలలవారు. రోయింగ్‌లో ఆ వాటా ఇంకా ఎక్కువ. ఈటన్ పాఠశాలకు డోర్నీ లేక్ అనే సొంత సరస్సే ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్ రోయింగ్ పోటీలు జరిగింది ఆ సరస్సులోనే. సొంత నీటిమీద ఒలింపిక్స్ జరిపించగల పాఠశాలకూ, ఆటస్థలం కూడా ఇరుకైన లండన్ పేటల బడికీ మధ్య ఉన్న దూరం ఎంతో మీరే ఊహించండి.

ఈ దూరం డబ్బువల్ల మాత్రమే వచ్చింది కాదు. ఒకప్పుడు నియమమే అలా ఉండేది. థేమ్స్ నదిమీద 1839లో మొదలైన హెన్లీ పోటీలకు పెద్ద పేరు. ఆ పోటీల నిర్వాహకులు 1879లో ‘అమెచ్యూర్’ అనే మాటకు నిర్వచనం రాశారు. కూలికి చేతిపని చేసే మెకానిక్కులు, వృత్తిపనివారు, శ్రామికులు అమెచ్యూర్లు కారని ఆ నిర్వచనం తేల్చింది. కండబలంతో బతికేవాడికి ఆ బలం అదనపు లాభం అవుతుందట! 1882లో ఏర్పడిన అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ ఈ గీతను ఇంకా గట్టిగా గీసింది. దీన్ని ఎదిరించి 1890లో వేరే సంఘం పుట్టింది. రెండూ కలవడానికి 1956 దాకా పట్టింది.

1920లో అమెరికాకు చెందిన జాన్ కెల్లీ హెన్లీలో పోటీ చేయడానికి దరఖాస్తు పెడితే తిరస్కరించారు. ఆయన తాపీపని చేసినవాడన్నది ఒక కారణం. ఆయన క్లబ్బుమీద అంతకుముందే నిషేధం ఉండటం మరో కారణం. అదే ఏడాది ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో కెల్లీ బంగారు పతకం గెలిచాడు. ఫైనల్లో ఆయన చేతిలో ఓడింది, ఆ ఏడాది హెన్లీ విజేత జాక్ బెరెస్‌ఫర్డే! 1936లో ఆస్ట్రేలియా ఒలింపిక్ జట్టువారు పోలీసు ఉద్యోగులని చెప్పి వారినీ హెన్లీలోకి రానివ్వలేదు. ఆ గొడవ తరువాత, 1937లో ఆ నియమాన్ని తీసేశారు.

నియమం పోయింది గాని అలవాటు పోలేదు. నది పక్క వీధిలోనే పుట్టి పెరిగిన పిల్లలు కూడా ‘అది మన ఆట కాదు’ అనుకుంటూనే వచ్చారు. దీన్ని మార్చడానికి ఉన్న దారుల్లో తెలివైనది బడినీ క్లబ్బునూ జోడించడం. లెక్క తేలికే. క్లబ్బుకు పడవలున్నాయి, షెడ్డుంది, నీరుంది. కాని సభ్యులు ఉద్యోగాలు చేసుకునే పెద్దలు. సాయంత్రాలూ శని ఆదివారాలూ తప్ప రారు. పనిరోజుల్లో మధ్యాహ్నం పడవలు ఖాళీగా ఉంటాయి. బడిలో పిల్లలున్నారు, వ్యాయామ పీరియడు ఉంది, పడవలు లేవు. ఒకరికి ఉన్నది మరొకరికి లేదు కనుక రెంటినీ కలపవచ్చు.

అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ 1998లో ‘ప్రాజెక్ట్ ఓర్సమ్’ పేరుతో చేసింది ఇదే. 2009లో బ్రిటిష్ రోయింగ్ అని పేరు మార్చుకున్నది ఈ సంస్థే. సుమారు 50 క్లబ్బులను వందకు పైగా సర్కారు బడులతో కలిపారు. పిల్లల ఒళ్ళుకు సరిపడే పడవలు, తెడ్లు, గదిలో సాధన చేసే యంత్రాలు ఇచ్చారు. డబ్బు సమకూర్చినవారిలో హెన్లీ పోటీల ధర్మనిధి కూడా ఉంది. ఒకప్పుడు తాపీపనివాణ్ణి బయట నిలబెట్టిన చోటునుంచే, ఆ తాపీపనివాడి మునిమనవడి వయసువాళ్ళకు పడవలు వచ్చాయన్నమాట.

ఇక పిల్లలకు ఎలా నేర్పుతారో చూద్దాం. మొదటి మెట్టు నీటిమీద ఉండదు. బడి వ్యాయామశాలలో ఉంటుంది. అక్కడ ఎర్గోమీటర్ అనే యంత్రం ఉంటుంది. పీట జరుగుతుంది, గొలుసు లాగితే ముందున్న చక్రం గాలిని కోస్తూ తిరుగుతుంది. ఎంత గట్టిగా లాగితే గాలి అంతగా ఎదిరిస్తుంది. అమెరికాలో డ్రైసిగాకర్ సోదరులు 1981లో తయారుచేసిన మొదటి నమూనాలో వాడింది సైకిలు చక్రమే. ఇప్పటి యంత్రంమీద ఉన్న చిన్న తెర, మీరు లాగుతున్న వేగంతో 500 మీటర్లకు ఎంత సమయం పడుతుందో చూపుతుంది. తూర్పు లండన్ బడిలో లాగినా, ఈటన్‌లో లాగినా ఆ తెర చూపే లెక్క ఒక్కటే. నదినీ పడవనూ ఎరుగని పిల్లవాడు కూడా దేశంలోని ఎవరితోనైనా తన అంకెను పోల్చుకోవచ్చు. 2004లో మొదలైన లండన్ యూత్ రోయింగ్ అనే ధర్మసంస్థ ఈ యంత్రాలనే ఆధారం చేసుకుని నగరపు బడుల్లోకి వెళ్ళింది. గదిలోనే జరిగే బాలల పోటీలు పెట్టింది.

యంత్రం ఎందుకంటే మరో కారణం కూడా ఉంది. ఇంగ్లండ్‌లో డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. బడి వదిలేసరికి మూడున్నర. అంటే చలికాలమంతా పనిరోజుల్లో బడి వదిలాక నదిమీదికి వెళ్ళడం కుదరదు. వసంతం వచ్చేదాకా యంత్రమే పడవ.

రెండో మెట్టు ఈత. బట్టలతో కొంతదూరం ఈదగలరో లేదో చూస్తారు. పడవ తిరగబడితే ఏం చేయాలో ఈతకొలనులోనే సాధన చేయిస్తారు. బూట్లనుంచి కాళ్ళు విడిపించుకోవాలి, పైకి రావాలి, పడవను వదలకూడదు. పడవ తేలుతుంది కనుక అదే ఆసరా. ఈత రాని పిల్లలకు ముందు ఈత నేర్పాలి. చాలా పథకాల్లో ఆలస్యం అయ్యేది ఇక్కడే. మూడో మెట్టు క్లబ్బు. మొదట ఎక్కించేది అడుగు వెడల్పు పందెపు పడవ కాదు, తేలికగా ఒరగని వెడల్పు పడవ. మొదటిరోజు పిల్లలు ఒడ్డుకు దగ్గరలో రెండు తెడ్లనూ నీటిమీద ఆనించి కూర్చోవడం నేర్చుకుంటారు. తెడ్లే పడవకు రెక్కలు. వాటిని వదిలితే పడవ పక్కకు ఒరుగుతుంది.

చెప్పడానికి ఇంతే. కాని ఇలాంటి పథకాలు చతికిలపడేది ఈ రెండో మూడో మెట్ల దగ్గరే. బడిలో యంత్రంమీద ఉత్సాహంగా లాగిన పిల్లల్లో చాలా కొద్దిమందే క్లబ్బులో సభ్యులవుతారు. పీరియడు ముగిశాక క్లబ్బుకు వెళ్ళాలంటే బస్సు ఛార్జీ కావాలి, సభ్యత్వ రుసుము కట్టాలి. గుమ్మం దాటగానే కనిపించేదంతా కొత్త ముఖాలు, కొత్త మాటతీరు. పైగా పనిరోజు మధ్యాహ్నం పడవలే కాదు, బోధకులు కూడా క్లబ్బులో ఉండరు. వారు సభ్యుల్లోంచి వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు, ఆ సమయానికి వారి ఉద్యోగాల్లో ఉంటారు. నా ఉద్దేశంలో ఇలాంటి పథకానికి వచ్చే డబ్బు మొదట కొనవలసింది పడవను కాదు, ఒక బోధకుడి మధ్యాహ్నాన్ని. బడిలో యంత్రం దగ్గర చూసిన మనిషే క్లబ్బు గుమ్మంలో ఎదురైతే పిల్లవాడు లోపలికి అడుగు పెడతాడు. 2014లో లండన్‌లో ప్రారంభమైన ఫుల్‌హామ్ రీచ్ బోట్ క్లబ్, చుట్టుపక్కల సర్కారు బడుల పిల్లలకు నేర్పడాన్ని తన ప్రధాన పనిగా పెట్టుకుంది. అక్కడ బడిపిల్లలు అతిథులు కారు, వారికోసమే క్లబ్బు.

స్టీవ్ రెడ్‌గ్రేవ్ సంగతి చూడండి. 1984 నుంచి 2000 వరకు వరుసగా ఐదు ఒలింపిక్స్‌లో ఐదు బంగారు పతకాలు గెలిచిన ఈయన చదివింది మార్లో పట్టణపు సర్కారు బడిలో. ఆయన చేతికి తెడ్డు ఇచ్చింది ఆ బడి ఇంగ్లీషు మాస్టారు ఫ్రాన్సిస్ స్మిత్. ఆ పథకాలేవీ అప్పటికి లేవు; ఒక మాస్టారు, పక్కన ఒక నది, అంతే.

మొహమ్మద్ స్బీహీ దారి వేరు. తండ్రి మొరాకోవాడు, చదివింది సర్బిటన్‌లోని సర్కారు బడి. పదిహేనేళ్ళ వయసులో బాస్కెట్‌బాల్ ఆడాలని కలలు కంటున్న ఈ పొడవాటి కుర్రాణ్ణి, ప్రతిభను వెతుకుతూ బడికి వచ్చిన రోయింగ్ బృందం ఎత్తూ బలమూ కొలిచి ఎంచుకుంది. 2016లో రియోలో బంగారు పతకం గెలిచాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో బ్రిటన్ జెండా మోసినవారిలో ఒకడు. అయితే ఇది పరిచయ పథకం కాదు, ఏరివేత. ఏరేవారు వందమందిని కొలిచి ఒకరిని తీసుకుపోతారు. మిగతా తొంభైతొమ్మిది మందికి నది ఎప్పటిలాగే దూరం. బడీ క్లబ్బూ కలిసే పద్ధతిలో ఆ తొంభైతొమ్మిది మందికీ తెడ్డు అందుతుంది. రెండూ అవసరమే గాని, ఒకదాన్ని చూపి రెండోది చేశామనుకోవడం పొరపాటు.

మరి మన దేశంలో? కలకత్తా రోయింగ్ క్లబ్ 1858 నాటిది, మద్రాస్ బోట్ క్లబ్ 1867 నాటిది. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో జాతీయస్థాయి పోటీలు జరిగాయి. కాని మన రోయింగ్ క్రీడాకారుల్లో ఎక్కువమందికి తెడ్డు ఇచ్చింది బడీ కాదు, క్లబ్బూ కాదు, సైన్యం. మహారాష్ట్రలోని కరువు ప్రాంతంలో బావులు తవ్వే పనిచేసిన దత్తు భోకనల్, 2012లో సైన్యంలో చేరాకే ఈ ఆట నేర్చుకున్నాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానం పొందాడు. 2018 ఆసియా క్రీడల్లో నలుగురి పడవలో బంగారు పతకం గెలిచాడు. మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కొంగనపల్లె నారాయణ సైనికుడిగా మందుపాతర పేలుడులో కాలు కోల్పోయాక, పూణేలోని సైనిక కేంద్రంలో తెడ్డు పట్టాడు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో భారత్ తరఫున పడవ నడిపాడు. ఇద్దరూ రోయింగ్‌ను చూసేనాటికి బడి వయసు దాటిపోయింది.