పళ్ళెములో భయానకము

అక్టోబరు 31వ తేదీ రాత్రి కూరగాయలతో కూర్చెడి కంకాళములు, కనుగ్రుడ్లు, సాలీళ్ళు: హాలోవీన్ పండుగకు దాని తొలిభోజ్యమును తిరిగి యిచ్చెడి వంటింటి శిల్పము

వెడల్పైన చెక్కపలకపై కీరదోస చక్రములు ఒకదాని క్రింద నొకటి వెన్నెముకయై నిలువున సాగుచుండగా, ఎఱ్ఱని క్యాప్సికం చీలికలు ఇరువైపుల ప్రక్కటెముకలై వంగియుండగా, సెలరీ కాడలు కాలుసేతులై, క్యారెట్ ముక్కలు వ్రేళ్ళై చాచుకొనియుండగా, తల యుండవలసిన చోట తెల్లని పెరుగు నింపిన గిన్నెనుండి రెండు నల్లని ఆలివ్ కన్నులు చూపఱులను తేఱిపాఱ చూచుచుండును. అమెరికాలో అక్టోబరు మాసాంతమున గృహములయందును, తరగతిగదులయందును, కార్యాలయముల విందుబల్లలపైనను ఈ శాకకంకాళము నేడు సుపరిచితమైన యతిథి. పిల్లలు దానిని చూచి మొదట కెవ్వున నఱచి, పిదప పకపక నవ్వి, ఆ పైని ఎవ్వరును బ్రతిమాలకయే ఒక ప్రక్కటెముకను విఱిచి పెరుగున ముంచుకొని తినివేయుదురు.

ఐనను ఈ పళ్ళెమును పిల్లలను మభ్యపెట్టి కూరగాయలు తినిపించు తంత్రముగా మాత్రమే యెంచుట న్యాయము కాదు. మిఠాయిల పండుగగా లోకము నేడెఱిగిన హాలోవీన్, మూలమునందు పొలము పండుగ. దుంపయు, ఆకుకూరయు, కాయయు, పండును దాని తొలి పూజాద్రవ్యములు. ఆ రాత్రి పిల్లల చేతికి క్యారెట్టు నందించు తల్లి క్రొత్త విడ్డూరమేదియు చేయుట లేదు. పండుగ సొత్తును పండుగకే యప్పగించుచున్నది.

దుంపలు దీపములైన రాత్రి

ఐర్లండు, స్కాట్లండు సీమలలోని ప్రాచీన కెల్టు జాతులవారు పంటకోతలు ముగిసి శీతకాలము ప్రవేశించు సంధికాలమును సావిన్ అను పేర జరుపుకొనెడివారు. ఆ రాత్రి ఇహపరముల నడుమనున్న తెర పలుచనై, మృతుల యాత్మలును, మాయావులును మనుష్యుల వాకిళ్ళకు వత్తురని ఆ దేశముల జానపదుల విశ్వాసము. క్రైస్తవము నవంబరు 1వ తేదీని సకల పునీతుల పండుగగా స్థిరపఱచిన పిదప, దాని ముందటి రాత్రి యీ పాతవిశ్వాసములకు నిలయమై మిగిలెను. ధాన్యము గాదెలకు చేరి, పచ్చికబయళ్ళనుండి పశువులు కొట్టములకు మరలి, పెరటిలో టర్నిప్ దుంపలును, చలికి తలవంచని కేల్ ఆకుకూరయు నిలిచియుండు కాలమది. కావున ఆ రాత్రి భయములును, వినోదములును, భోజనమును వానిచుట్టే యల్లుకొనినవి.

టర్నిప్ దుంపను తొలిచి, కన్నులు, నోరు చెక్కి, లోపల నిప్పుకణికనో క్రొవ్వువత్తినో యుంచి, దారిన పోవువారిని బెదరించుట ఆ పల్లెల యాచారము. మేయో మండలములో కాసిల్‌బార్ చేరువనున్న ఐర్లండు జాతీయ ప్రదర్శనశాలయందు, డోనెగాల్ ప్రాంతపు టర్నిప్ దీపమొకదాని ప్లాస్టర్ ప్రతిరూపము భద్రపఱుపబడియున్నది. ముడుతలు పడిన మొగము, విఱిగిన పండ్లు, గుంటలు పడిన కన్నులు గల ఆ దుంపముఖమును చూచినవారికి, నేటి బంగారువన్నె గుమ్మడి దీపము దాని యెదుట ఎంత సౌమ్యమైనదో తెలియును.

కేల్ మొక్కయు ఆ రాత్రి జోస్యము చెప్పెడిది. స్కాట్లండు మహాకవి రాబర్ట్ బర్న్స్ 1785లో హాలోవీన్ పేర రచించిన దీర్ఘకావ్యమున ఈ వేడుక వర్ణితమైనది: యువతీయువకులు చేయి చేయి పట్టుకొని, కన్నులు మూసికొని తోటలోనికి పోయి, చేతికి తగిలిన తొలి మొక్కను పెఱికెడివారు; కాడ నిటారుగా నున్న భావి జీవితభాగస్వామి రూపము చక్కనిది, వంకరయైన రూపమును అట్టిదే; వేళ్ళకు మన్నంటియున్న కట్నము దండి; కాడలోని గుజ్జు రుచి యెట్టిదో ఆ భాగస్వామి స్వభావమట్టిది. ఇక భోజనమన్ననో, సకల పునీతుల పండుగకు ముందటి దినము కాథలిక్కులకు మాంసవర్జనదినమగుటచే, ఐర్లండు గృహములలో ఉడికించిన బంగాళాదుంపలను కేలుతోనో క్యాబేజీతోనో కలిపి మెదిపి, వెన్న వేసిన కోల్‌కానన్ అను వంటకము వడ్డించెడివారు. అందు ఉంగరమునో, నాణెమునో దాచి, దొరకినవారి భాగ్యమును నిర్ణయించెడివారు.

గుమ్మడి రాక, మిఠాయి రాక

1845లో ఐర్లండున బంగాళాదుంప పైరుకు తెగులు సోకి ఘోరక్షామము సంభవింపగా, లక్షలాది జనులు సముద్రము దాటి అమెరికా చేరిరి. తమతో ఈ రాత్రిని గూడ కొనిపోయిరి. కఱకు టర్నిప్పును తొలుచుటకంటె, ఆ నేలకు సహజమైన తీపిగుమ్మడిని తొలుచుట సులభమని వారు గ్రహించిరి. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో పిల్లలు వేషములు వేసికొని ఇల్లిల్లు తిరిగి తాయిలములు కోరెడి పద్ధతి వ్యాపించెను. యుద్ధకాలమున, 1942 మొదలు 1947 వఱకు చక్కెరకు రేషన్ విధింపబడినపుడు ఆ వేడుక సన్నగిల్లినను, ఆంక్షలు తొలగినంతనే మిఠాయి పరిశ్రమ ఆ రాత్రిని తన వశము చేసికొనెను. గుమ్మడి గుమ్మము కడ దీపమై నిలిచినది. పిల్లవాని సంచిలోనికి మాత్రము కాగితము చుట్టిన చక్కెరయే చేరినది. పండుగనుండి పంటను వేఱుచేసిన ఈ లోపమును సవరించుటకు కూరగాయల పళ్ళెముకంటె సుకుమారమైన మార్గము లేదు.

రసనిర్ణయము

ఈ పళ్ళెము కూర్చువారు మొదట తేల్చుకొనవలసినది రసము. భరతముని నాట్యశాస్త్రము ఆఱవ యధ్యాయమున భయానకమునకు నలుపును, హాస్యమునకు తెలుపును, అద్భుతమునకు పసుపును, రౌద్రమునకు ఎఱుపును, బీభత్సమునకు నీలమును వర్ణములుగా చెప్పినాడు. హాలోవీన్ పళ్ళెము వర్ణక్రమమునకు ఇంతకంటె చక్కని సూత్రము నాకు కనబడదు. ఆలివ్ నలుపు భయమును, కాలీఫ్లవర్ తెలుపు నవ్వును, క్యారెట్, గుమ్మడుల పసిమి ఆశ్చర్యమును, క్యాప్సికం, ఎఱ్ఱముల్లంగుల యెఱుపు కించిత్ క్రోధమును పళ్ళెమున నిలుపును. ఆ మునియే హాస్యమునకు అధిదేవతలుగా ప్రమథగణములను నిర్దేశించియుండుట మఱింత మనోహరము. భూతనాథుని పరివారమే నవ్వునకు దైవతమైనపుడు, భయపెట్టుచు నవ్వించు ఈ పళ్ళెము శాస్త్రవిరుద్ధము కానేరదు.

వర్జింపవలసినది బీభత్సము. కొందఱు విందుబల్లపై పురుగులను, కుళ్ళిన గాయములను తలపించు రూపములను కుప్పపోసి అదియే భయానకమని భ్రమింతురు. భయము చేయిని ఒక క్షణము వెనుకకు లాగి మరల ముందుకు చాపించును. జుగుప్స చేయిని శాశ్వతముగ వెనుకకు లాగును. భోజ్యవస్తువునకు ఈ రెండవది మరణమే. కావున బీట్‌రూట్ రసమును నెత్తురుగా చల్లదలచినవారు ఒక బొట్టుతో తృప్తిపడవలెను. దాని వర్ణము ప్రక్కనున్న ప్రతి వస్తువునకు ప్రాకుటచే, బీట్‌రూట్ ముక్కలను వేఱు గిన్నెలో నుంచుట మేలు.

కంకాళనిర్మాణము

పదిమందికి సరిపడు కంకాళమునకు రెండడుగుల పొడవుగల పలక, రెండు కీరదోసలు, రెండు ఎఱ్ఱ క్యాప్సికములు, ఒక సెలరీ కట్ట, అరకిలో క్యారెట్లు, కొన్ని పుట్టగొడుగులు, ఒక చిన్న కాలీఫ్లవర్, కొన్ని చెర్రీ టమాటాలు, గుప్పెడు గింజలేని నల్ల ఆలివులు, ఒక గిన్నెడు పెరుగు చాలును. క్యారెట్లను, సెలరీని కోసిన పిదప అరగంటసేపు మంచునీట నుంచవలెను. కణములు నీటిని పీల్చుకొని బిగిసి, కొఱికినపుడు ఫెళ్ళుమను ధ్వని పుట్టును. ఎముకను కొఱికినట్లు వినబడు ఆ ధ్వనియే ఈ విందునకు నేపథ్యసంగీతము. కీరదోస చక్రములను మాత్రము శుభ్రమైన గుడ్డపై పఱచి తడి నొత్తివేయవలెను. లేనియెడల పలక నీరుగారి వెన్నెముక జాఱును.

మొదట తలస్థానమున పెరుగుగిన్నెను నిలిపి, దాని క్రిందనుండి కీరదోస చక్రములను వరుసగా పేర్చి, క్యాప్సికమును నిలువున చీల్చి వంపుగల ముక్కలను ఇరుప్రక్కల అమర్చవలెను. కటిస్థానమున పుట్టగొడుగు ముక్కలు, కాలుసేతులకు సెలరీ, మోకాళ్ళకు చెర్రీ టమాటాలు, వ్రేళ్ళకు సన్నని క్యారెట్ చీలికలు తగియుండును. గిన్నెపై భాగమున కాలీఫ్లవర్ గుత్తులను గుంపుగా నిలిపిన మెదడు సిద్ధించును. బ్రోకలీని వాడదలచినవారు ఉప్పు వేసిన మఱుగునీట అరనిముసముంచి, వెంటనే మంచునీట ముంచిన, దాని పచ్చదనము ద్విగుణమై వెలుగును.

సాలీడు, కనుగ్రుడ్డు, మంత్రగత్తె వ్రేలు

ఆలివును నిలువున రెండు బద్దలు చేసి, ఒక బద్దను దేహముగా బోర్లించి, రెండవదానిని అడ్డముగా సన్నని నెలవంకలుగ తఱిగి ప్రక్కకు నాలుగేసి చొప్పున ఎనిమిది కాళ్ళుగా నమర్చిన సాలీడు సిద్ధము. దానికి గూడు కావలెను: నిమ్మరసము పిండిన అవకాడో గుజ్జును వెడల్పైన గిన్నెలో సమముగ పఱచి, చిలికిన గట్టిపెరుగును కాగితపు పొట్లమున నింపి, చివర కత్తిరించి, ఒకదానిలో నొకటిగా వలయములు గీసి, నడిమినుండి అంచువఱకు టూత్‌పిక్‌తో గీతలు లాగిన, సాలెగూడు తానై యేర్పడును.

ఎఱ్ఱముల్లంగి చర్మమును అక్కడక్కడ సన్ననిచారలుగా విడిచి తక్కినది చెక్కివేసిన, నిద్రలేని కంటి యెఱ్ఱజీరలు ప్రత్యక్షమగును. నడుమ చిన్న గుంట చేసి ఆలివ్ ముక్క నుంచిన కనుపాప యేర్పడును. క్యారెట్ చివర కొంచెము చదునుగా కోసి, క్రీమ్ చీజ్ రాసి, బాదం పలుకు నంటించి, చాకుమొనతో కీళ్ళ గీతలు గీసిన మంత్రగత్తె వ్రేలు లేచివచ్చును; అట్టి వ్రేళ్ళను శనగలు, నువ్వులు కలిపి నూరిన హమ్మస్ అను ముద్ద గిన్నెలో నాటిన, భూమినుండి వెలువడు హస్తముల వలె నుండును. పసుపుపచ్చని క్యాప్సికం మూత కోసి, గింజలు తీసి, ముక్కోణపు కన్నులు, ఱంపపు పలువరుస చెక్కిన, అది గుమ్మడి దీపమునకు తమ్ముడు. దానిలో పచ్చడి నేరుగా పోసిన కన్నులగుండ కారిపోవును గనుక, క్యారెట్, సెలరీ కాడలను నిలువున గ్రుచ్చి నింపుటయే యుక్తము.

ముంచుకొనుటకు, మెలకువగా నుండుటకు

అమెరికాలో కూరగాయల పళ్ళెము ప్రక్క సాధారణముగ కానవచ్చు రాంచ్ డ్రెస్సింగును, 1950 దశకమున కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా చేరువ హిడెన్ వ్యాలీ రాంచ్ నడిపిన స్టీవ్ హెన్సన్ ప్రసిద్ధికి తెచ్చినాడు. మన యిండ్లలో గుడ్డలో మూటకట్టి నీరు వడకట్టిన గట్టిపెరుగున ఉప్పు, మిరియము, వెల్లుల్లి, కొత్తిమీర కలిపిన, అది ఆ డ్రెస్సింగునకు తీసిపోదు. ఇది రుచికొఱకే కాదు: క్యారెట్‌లోని కెరోటిన్ క్రొవ్వులో మాత్రమే కరగును గనుక, మీగడగల పెరుగుతోనో, ఆలివ్ నూనె పోసిన హమ్మస్‌తోనో తినినపుడే శరీరము దానిని చక్కగా గ్రహించును.

పిల్లల విందగుటచే జాగ్రత్త మిన్న. నాలుగేండ్ల లోపు బిడ్డలకు గట్టి పచ్చిక్యారెట్, పూర్తి చెర్రీ టమాటా, పలుకులు గొంతున నడ్డుపడవచ్చును. వారికొఱకు టమాటాను నిలువున నాలుగు చీలికలు చేసి, క్యారెట్‌ను మెత్తగ ఉడికించి పెట్టవలెను. బాదము పడనివారుందురు, హమ్మస్‌లోని నువ్వులు పడనివారును ఉందురు. అమెరికా చట్టము 2023 జనవరి 1 నుండి నువ్వులను ప్రధాన అలర్జీకారకముల పట్టికలో చేర్చినది. కావున ఏ గిన్నెలో ఏమున్నదో చీటీ వ్రాసి నిలుపుట గృహస్థధర్మము. పెరుగు, చీజ్, కోసిన కూరలు బయట రెండు గంటలకు మించి యుండరాదు; గిన్నెను మంచుపై నిలుపుట మంచిది.

తెలుగు వాకిట

డాలస్‌లోను, న్యూజెర్సీలోను, సిలికాన్ వ్యాలీలోను కాపురమున్న తెలుగు కుటుంబములకు అక్టోబరు మాసము పండుగల కూడలి. 2024లో దీపావళియు, హాలోవీనును అక్టోబరు 31వ తేదీననే కలిసివచ్చినవి. ప్రమిదయు, గుమ్మడిదీపమును ఒకే గుమ్మమున వెలిగినవి. క్రొత్తయింటి ముంగిట బూడిదగుమ్మడికి కోఱలు, మీసములు చిత్రించి దిష్టి తగులకుండ వ్రేలాడదీయు జాతికి, కాయపై చెక్కిన వికృతముఖము కీడును తరుమునన్న యైరిష్ పల్లీయుల భావము ఏమాత్రమును పరాయిది కాదు. పరాయిదైనది, ఆ రాత్రి మిఠాయి సంచి యొకటే.

ఆ మిఠాయిని నిషేధింపుడని నేను కోరను. పండుగనాడు తీపి పిల్లల హక్కు. కాని వేషములు కట్టి వీధిలోనికి పరుగెత్తుటకు ముందు, ఆకలిమీదనున్న ఆ సాయంకాలమున, వారి యెదుట ఈ కంకాళమును నిలుపుడు. కత్తి మీరు పట్టి, కూర్పు వారికి విడువుడు. ప్రక్కటెముకలను వారే పేర్తురు, కన్నులను వారే పెట్టుదురు, తమ చేతులతో కట్టినదానిని వారే కొఱికి తిందురు. ఖర్చు స్వల్పము, శ్రమ ఒక గంట, ఫలము ఆరోగ్యము. వచ్చు అక్టోబరు 31న మీ బల్లపై ఈ పళ్ళెమునకు చోటీయుడు.