గాలి పైన ఉండాలి, లోపల కాదు

చిట్టితల్లీ, నీ మిగ్-21 బొమ్మ చూశాను. రెక్కలు వంకర లేకుండా అతికించావు, రంగూ బాగా కుదిరింది. ట్యూబ్‌లైటు కింద పెడితే మాత్రం తళతళా మెరిసిపోతోంది. ‘మ్యాట్ వార్నిష్ కొడితే మెరుపు పోతుంది తాతయ్యా, కానీ తెల్లగా పాలిపోతుందేమోనని భయం’ అన్నావు. ఆ తెలుపు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే భయం దానంతటదే పోతుంది. చెబుతాను విను.

అన్ని విమానాలకూ మెరుపు చెడ్డది కాదు. మనకు దగ్గర్లోనే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కుర్రాళ్లు నేర్చుకునే పిలాటస్ విమానాలు ఎరుపూ తెలుపూ రంగుల్లో నిగనిగలాడతాయి. నేర్చుకునేవాడి విమానం అందరికీ కనబడాలి కదా. యుద్ధవిమానం కనబడకూడదు. మొదట్లో మన మిగ్‌లు రంగే లేకుండా ఒట్టి లోహపు మెరుపుతో ఎగిరేవి. 1971 యుద్ధం వచ్చేసరికి చాలావాటికి హడావుడిగా ఆకుపచ్చ రంగులు పులిమారు. అన్నట్టు, ఈ మిగ్‌కీ మనకూ చుట్టరికం ఉంది. దాని శరీరం నాసిక్‌లో, ఇంజను కోరాపుట్‌లో తయారైతే, లోపలి ఎలక్ట్రానిక్ పరికరాల కోసం 1965లో మన బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ పెట్టారు. 1963లో మన వైమానిక దళంలో చేరిన ఆ విమానానికి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు.

ఇక మెరుపు సంగతి. వాన పడ్డ రాత్రి బీరంగూడ కమాన్ దగ్గర ముంబై హైవే మీద నిలబడి చూడు. తడిసిన రోడ్డు నల్లగా నిగనిగలాడుతుంది, ఎదురొచ్చే లారీల లైట్లు రోడ్డు మీద పడి కళ్లల్లో కొడతాయి. అదే రోడ్డు ఎండాక బూడిదరంగులో మామూలుగా ఉంటుంది. తారు మారలేదు, కంకర మారలేదు. ఎండిన రోడ్డు గరుకుగా ఉంటుంది కాబట్టి దాని మీద పడ్డ వెలుగు తలో దిక్కుకీ చెదిరిపోతుంది. వాన నీళ్లు ఆ గరుకులోని సన్నని గుంటల్లో గాలిని తోసేసి నిండిపోగానే పైభాగం నున్నగా అయి, దాని మీంచి తిరిగొచ్చే వెలుగు ఒకే దిక్కుకి పోతుంది. మెరుపంటే అంతే.

కాబట్టి మ్యాట్ వార్నిష్ చేసే పని నీ బొమ్మ మీద కంటికి కనబడనంత సన్నని గరుకుదనం తయారుచేయడం. దానికోసం అందులో సిలికా పొడి కలుపుతారు. ఒక్కో రేణువు కొద్ది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతులు కొన్ని. మన కంటికి తెలిసే వెలుగు అలల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. వెలుగుని చెదరగొట్టడానికి ఆ రేణువు చాలు. వార్నిష్ ఆరేకొద్దీ అందులోని ద్రావకం ఎగిరిపోయి పొర కుంగుతుంది, రేణువు ఉన్నచోట మాత్రం ఉబ్బెత్తుగా నిలుస్తుంది.

పటాన్‌చెరులో పెద్ద పెయింట్ ఫ్యాక్టరీ ఉంది కదా, అలాంటి చోట్ల ఈ మెరుపుని కంటి అంచనాకి వదలరు, గ్లాస్‌మీటర్ (gloss meter) అనే పరికరంతో కొలుస్తారు. 60 డిగ్రీల వాలున వెలుగు పంపి ఎంత తిరిగొచ్చిందో చూస్తారు. బాగా పాలిష్ పట్టిన నల్ల గాజు పలకకి 100 మార్కులు. మ్యాట్ రంగుకి పది కూడా రావు.

‘సిలికా తెల్లటి పొడి కదా, మరి వార్నిష్ పారదర్శకంగా ఎలా ఉంటుంది?’ అని అడగాలి నువ్వు. అసలు కీలకం అక్కడే ఉంది. వెలుగుని వంచే గుణం సిలికాకి 1.46, వార్నిష్ ఆరాక పొరగా మిగిలే అక్రిలిక్ రెజిన్‌కి 1.49 దగ్గర. రెండూ ఇంచుమించు ఒకటే కాబట్టి రెజిన్‌లో మునిగిన సిలికా కంటికి ఆనదు. గాలికి అది 1. రేణువు చుట్టూ రెజిన్ బదులు గాలి ఉందనుకో, అప్పుడు తెల్లగా కనబడుతుంది. అందుకే గాలి వార్నిష్ పొరకి పైన ఉండాలి, లోపల దూరకూడదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతావన్నీ నీకే తడతాయి.

తెలుపు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది, ఎయిర్‌బ్రష్‌ని మరీ దూరంగా పట్టుకుంటే చుక్క దారిలోనే ఆరిపోయి, రెజిన్ తడి అందని దుమ్ములా బొమ్మ మీద రాలుతుంది. రెండోది, గరుకు రంగు మీదే నేరుగా డెకాల్, అంటే గుర్తుల స్టిక్కరు, అతికిస్తే దాని కింది గుంటల్లో గాలి చిక్కుకుని అంచుల వెంబడి వెండిలా మెరుస్తుంది. అందుకే ముందు మెరుపు వార్నిష్, దాని మీద డెకాల్స్, మళ్లీ ఒక పల్చటి మెరుపు పొర, ఆఖరున మ్యాట్. మెరుపు పోగొట్టడానికి ముందు మెరుపు పూయడం వింతగా ఉన్నా పద్ధతి అదే. మూడోది వానాకాలం దెబ్బ. లాకర్ రకం వార్నిష్‌లో ద్రావకం చురుగ్గా ఎగిరిపోతూ బొమ్మని చల్లబరుస్తుంది. ఆ చలువకి గాలిలోని తేమ పొర మీద చెమ్మగా దిగుతుంది, ఆ నీరు పోయాక సన్నని బోలు గుంటలు మిగులుతాయి. తేమ 70 శాతం దాటిన రోజున లాకర్ జోలికి పోకు.

ఇక పని మొదలుపెట్టు. సీసా మూత తీసి అడుగున పుల్లతో గీకి చూడు, తెల్లటి ముద్ద తగులుతుంది. మెరుపు చంపే మందు అదే. అది పూర్తిగా కలిసేదాకా తిప్పు. కలపకపోతే పైసగం సీసా కొడితే మెరుస్తుంది, అడుగుసగం కొడితే పాలిపోతుంది. కంప్రెసర్ ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ, దూరం 10 నుంచి 15 సెంటీమీటర్లు. కాక్‌పిట్ అద్దానికి ముందే టేపు వేసెయ్. ఎయిర్‌బ్రష్‌ని రెక్క బయటే మొదలుపెట్టి, రెక్క దాటాకే ఆపు. చల్లిన చోట లిప్తపాటు తడిగా కనబడి ఆరిపోవాలి. తడే కనబడకపోతే దుమ్ము పడుతున్నట్టు, కారిపోతే ఎక్కువైనట్టు. కిటికీ తీసి, మాస్క్ కట్టుకునే కొట్టాలి సుమా.

పొర పల్చగా ఉండాలనడానికి చిన్న లెక్క ఉంది. నీ బొమ్మ 1/72 స్కేలు. 7.15 మీటర్ల రెక్కల వెడల్పు నీ బల్ల మీద 10 సెంటీమీటర్లయింది. ఒక కోటు 25 మైక్రాన్లనుకుని 72తో హెచ్చవేయి, 1.8 మిల్లీమీటర్లు వస్తుంది. అసలు విమానం మీద అంత మందాన రంగు ఎవరూ పూయరు. రెండు మూడు కోట్లు దట్టిస్తే రేకుల మధ్య గీతలు పూడిపోతాయి. ఒక కోటు ఆరాక చూసి, అవసరమైతేనే రెండోది.

ఇంత చేసినా దుమ్ము తెలుపు వచ్చిందా, గీకెయ్యకు. పల్చగా మెరుపు వార్నిష్ చల్లు. రెజిన్ ఆ రేణువుల మధ్యకి దిగి గాలిని బయటికి తోసేస్తుంది, కింది రంగు చాలావరకు తేరుకుంటుంది. ఆరాక మళ్లీ మ్యాట్ కొట్టుకోవచ్చు.

అన్నీ కుదిరాక నీ స్నేహితులు బొమ్మని చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తారు. వారం తిరిగేసరికి వేళ్లు పడ్డచోటల్లా మళ్లీ మెరుపు తేలుతుంది. ఎందుకో ఇక నేను చెప్పక్కర్లేదు, ఆ గుంటల్లో చేతి జిడ్డు నిండింది. స్టాండ్ ఒకటి చేసిపెట్టు, పట్టుకోవాలనుకునేవాళ్లని దాన్నే పట్టుకోమను.