కల్చర్ రిపోర్టు ఆలస్యమెందుకు?



"రక్తం తీసి రెండు రోజులైంది, కల్చర్ రిపోర్టు రాలేదేమిటి సిస్టర్?" అని మీరు అడుగుతుంటారు. ఆ రెండు రోజుల్లో ల్యాబులో ఏమి జరుగుతుందో తెలుసుకోండి.

రక్తంలో సూక్ష్మక్రిములు చాలా కొద్దిగా ఉంటాయి. ముందు వాటిని సీసాలో పెంచాలి. దీనికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది.

పెరిగిన క్రిమి ఏదో గుర్తించడానికి పెద్ద ల్యాబులలో మాల్డి-టాఫ్ అనే మాస్ స్పెక్ట్రోమీటర్ వాడుతున్నారు. క్రిమిని లోహపు పలకపై పూసి, ఒక రసాయనం వేసి ఆరబెట్టి, లేజర్ కిరణం తగిలిస్తారు. క్రిమిలోని ప్రోటీన్లు లేచి, గాలిలేని గొట్టంలో పరుగెడతాయి. తేలికవి ముందు, బరువైనవి వెనుక చేరతాయి. ఆ వరుస క్రిమికి వేలిముద్రలాంటిది. కంప్యూటరు దానిని పోల్చి నిమిషాలలో పేరు చెబుతుంది. లేజర్‌తో ప్రోటీన్లను ఇలా లేపవచ్చని చూపిన జపాన్ ఇంజినీరు కోయిచి తనాకా 2002లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

అయితే ఆ క్రిమి ఏ మందుకు లొంగుతుందో తెలియడానికి వేరే పరీక్ష చేయాలి. దానికి సుమారు మరో రోజు పడుతుంది. అంతవరకు చికిత్స ఆగదు.

మీరు చేయవలసినవి:

1. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు మీ అంతట మీరు వేయకండి. జబ్బు తగ్గకపోగా, సీసాలో క్రిమి పెరగకపోవచ్చు. క్రిమి పెరగనిదే ఎంత గొప్ప యంత్రమైనా పేరు చెప్పలేదు.

2. ఇప్పటికే వేసి ఉంటే దాచకుండా చెప్పండి. మాత్రల అట్ట తెచ్చి చూపండి.

3. జ్వరం తగ్గిందని డాక్టరుగారు ఇచ్చిన మందు మధ్యలో ఆపకండి.

దేవుడు మీ రోగికి సంపూర్ణ స్వస్థత అనుగ్రహించును గాక.